ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్‌లోని డేటాను మార్చడం ఎలా: చిప్‌ను గుర్తించడం నుంచి తాళం వేయడం దాకా

ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్‌లో, అంటే రేడియో తరంగాలతో చదివే చిప్ ఉన్న స్టిక్కర్, కార్డు లేదా బిళ్లలో, డేటా మార్చడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీ ట్యాగ్‌లో ఉన్న చిప్ ఏది? అది తెలియకుండా యాప్‌లు ఒకదాని తర్వాత ఒకటి దింపుకుంటూ పోతే సాయంత్రం గడిచిపోతుంది, ట్యాగ్ మాత్రం ఉలకదు పలకదు. 'రైట్' బటన్ నొక్కడం రెండు సెకన్ల పని. ట్యాగ్‌లో ఏ బైట్లు మన డేటా, ఏ బైట్లు ఆ డేటాకు తాళాలు అన్నది తెలుసుకోవడానికే టైమ్ పడుతుంది. నా చేతిలో పాడైన ట్యాగులన్నీ, తాళం ఉన్నచోట డేటా రాసి పాడు చేసుకున్నవే.

ఇక్కడ చెప్పేదంతా మీ సొంత ట్యాగులకు, లేదా యజమాని అనుమతి ఉన్న ట్యాగులకు మాత్రమే. బస్సు కార్డులు, బ్యాంకు కార్డులు, ఇతరుల తలుపు తెరిచే కార్డుల జోలికి వెళ్లకండి, అది నేరమవుతుంది.

మొదట చిప్‌ను గుర్తించండి

ఎన్‌ఎఫ్‌సీ, అంటే ట్యాగులను దగ్గర నుంచి చదివే సౌకర్యం, ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ వెనుక ట్యాగ్‌ను ఆనించి చూడండి. ఫోన్ స్పందిస్తే ఆ ట్యాగ్ 13.56 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తోందని అర్థం. స్పందించకపోతే రెండు అవకాశాలు మిగులుతాయి: 125 లేదా 134.2 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే లో ఫ్రీక్వెన్సీ ట్యాగ్, లేదా 860 నుంచి 960 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే యూహెచ్‌ఎఫ్ ట్యాగ్. ఈ రెండింటినీ మామూలు ఫోన్ చదవలేదు, ఎన్ని యాప్‌లు వేసినా అంతే.

స్టిక్కర్‌ను వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే యాంటెన్నా ఆకారం కూడా కొంత చెబుతుంది. చిప్ చుట్టూ చుట్లు చుట్లుగా తీగ ఉంటే 13.56. చిప్‌కు రెండు వైపులా రెక్కల్లా సాగిన సన్నని పట్టీ ఉంటే దాదాపుగా యూహెచ్‌ఎఫ్. తాళాల గుత్తికి వేసే లావుపాటి ప్లాస్టిక్ బిళ్లల్లో, జంతువుల చర్మం కింద పెట్టే గాజు గొట్టాల్లో ఎక్కువగా లో ఫ్రీక్వెన్సీ చిప్‌లుంటాయి. కాకపోతే బిళ్ల ఆకారం చూసి మోసపోవద్దు. పైకి ఒకేలా ఉన్న బిళ్లలో మూడు రకాల్లో ఏ చిప్ అయినా ఉండొచ్చు.

ఫోన్ స్పందించిందనుకుందాం. ఆండ్రాయిడ్‌లో ఎన్‌ఎక్స్‌పీ సంస్థ ఇచ్చే ట్యాగ్‌ఇన్ఫో యాప్ తెరిచి స్కాన్ చేయండి. అది చిప్ పేరును సూటిగా చెబుతుంది, మెమరీని పేజీల వారీగా చూపిస్తుంది. దాంట్లో చిప్ రకాన్ని సూచించే ఎస్‌ఏకే అనే విలువ కనిపిస్తుంది. అది 00 అయితే ఎన్‌ట్యాగ్ లేదా అల్ట్రాలైట్ కుటుంబం, 08 అయితే మైఫేర్ క్లాసిక్ 1కె, 18 అయితే క్లాసిక్ 4కె అయ్యే అవకాశం ఎక్కువ. ఐఎస్‌ఓ 15693 అని చూపిస్తే గ్రంథాలయ పుస్తకాల్లో వాడే ఐకోడ్ లాంటి చిప్.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్

ఎన్‌ట్యాగ్ స్టిక్కర్లకు ఫోన్ చాలు. ఎన్‌ఎఫ్‌సీ టూల్స్, ఎన్‌ఎక్స్‌పీ ట్యాగ్‌రైటర్ రెండూ బాగా పనిచేస్తాయి. కొత్తవాళ్లకు మొదటిది సులువు. ఒకే రకం ట్యాగులు చాలా రాయాల్సి వస్తే నేను రెండోదాన్ని వాడతాను. ఐఫోన్‌లో యాప్‌ల ద్వారా ట్యాగ్ రాయడం ఐఓఎస్ 13 నుంచి, ఐఫోన్ 7, ఆ తర్వాతి మోడళ్లలో కుదురుతుంది.

మైఫేర్ క్లాసిక్‌కు ఆండ్రాయిడ్‌లో మైఫేర్ క్లాసిక్ టూల్ అనే ఓపెన్ సోర్స్ యాప్ ఉంది. ఐఫోన్ ఈ చిప్‌ను చదవదు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా చదవవు, ఎందుకంటే లోపలి ఎన్‌ఎఫ్‌సీ చిప్ వేరే కంపెనీది కావచ్చు. యాప్ తెరవగానే ఆ విషయం అదే చెబుతుంది.

కంప్యూటర్ నుంచి చేయాలంటే ఏసీఆర్122యూ లాంటి యూఎస్‌బీ రీడర్, దానితో పాటు లిబ్‌ఎన్‌ఎఫ్‌సీ టూల్స్. పైథాన్ తెలిసినవాళ్లకు పైస్కార్డ్, ఎన్‌డెఫ్‌లిబ్ లైబ్రరీలు చాలు, సొంతంగా చిన్న ప్రోగ్రామ్ రాసుకోవచ్చు. లో ఫ్రీక్వెన్సీ ట్యాగులకు ప్రాక్స్‌మార్క్3 పరికరం, దాని క్లయింట్ సాఫ్ట్‌వేర్. యూహెచ్‌ఎఫ్‌కు మాత్రం రీడర్ తయారుచేసిన కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేరే నమ్మదగింది. జీబ్రా రీడర్‌కు 123ఆర్‌ఎఫ్‌ఐడీ ఉన్నట్టే, ఇతర రీడర్లతో కూడా ఏదో ఒక డెమో ప్రోగ్రామ్ వస్తుంది. ఆ డెమోల రూపం చూసి చిన్నచూపు చూడకండి. ముఖం బాగోకపోయినా పని చేస్తాయి.

రాయకముందు చదివి దాచుకోండి

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా లాభం లేదు. ట్యాగ్ మొత్తాన్ని చదివి ఫైల్‌గా సేవ్ చేయండి. దీన్నే డంప్ అంటారు. ఫైల్ పేరులో ట్యాగ్ యూఐడీ, తేదీ పెట్టండి. యూఐడీ అంటే తయారీలోనే చిప్‌లో పడే నంబరు. మామూలు చిప్‌లలో దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ మార్చలేదు. యూహెచ్‌ఎఫ్‌లో అదే పాత్ర టీఐడీది. 'డేటా అంతా కాపీ చేశాను, అయినా కొత్త ట్యాగ్‌ను సిస్టమ్ గుర్తించడం లేదు' అనే వాళ్ల సమస్య చాలాసార్లు ఇదే: ఆ సిస్టమ్ డేటాను చూడనే చూడదు, యూఐడీని చూస్తుంది.

డంప్ దాచుకున్నాక తెరిచి ఓసారి కళ్లతో చూడండి. ఎన్‌ట్యాగ్213 అయితే 4 బైట్ల పేజీలు 45 ఉంటాయి, 0 నుంచి 44 దాకా. పేజీ 0, పేజీ 1, పేజీ 2 ఆరంభం యూఐడీకి, దాని చెక్ బైట్లకు పోతాయి. పేజీ 2 చివరి రెండు బైట్లు లాక్ బైట్లు. పేజీ 3ని కేపబిలిటీ కంటైనర్ అంటారు, ట్యాగ్ తన మెమరీ ఎంతో ఫోన్‌కు చెప్పేది ఇక్కడే. మీ డేటా స్థలం పేజీ 4 నుంచి 39 వరకు, అంటే 144 బైట్లు. 40వ పేజీలో మళ్లీ లాక్‌లు, 41, 42లో సెట్టింగులు, 43లో పాస్‌వర్డ్. ఎన్‌ట్యాగ్215లో డేటాకు 504 బైట్లు, 216లో 888 బైట్లు దొరుకుతాయి, వాటిలో తాళాల పేజీలు కూడా ఆ మేరకు వెనక్కి జరుగుతాయి.

పేజీ 3తో నేను ఆరు ట్యాగులు పోగొట్టుకున్నాను. 215 నుంచి తీసిన డంప్‌ను 213 మీద యథాతథంగా దించాను. ఆ పేజీలో బిట్ ఒకసారి 0 నుంచి 1కి మారితే మళ్లీ 0 కాదు. కొత్త విలువ రాసినా పాతదానితో కలిసిపోతుంది. 213లో అక్కడ హెక్స్‌లో, అంటే పదహారు అంకెల లెక్కలో, 12 ఉండాలి, అంటే 18 ఎనిమిదులు 144 బైట్లని అర్థం. నా కాపీ వల్ల అది 3ఇ అయింది, అంటే 496 బైట్లు. అప్పటి నుంచి ఆ ట్యాగులు తమకు లేని మెమరీని ఉందని చెప్పుకుంటున్నాయి. అందుకే డంప్‌ను ఒక చిప్ రకం నుంచి మరో రకానికి దించవద్దు. లోపలి సందేశాన్ని మాత్రమే తీసి కొత్తగా రాయండి.

ఎన్‌ట్యాగ్‌లో లింకు, టెక్స్ట్ రాయడం

ఎన్‌ఎఫ్‌సీ టూల్స్‌లో 'రైట్' తెరిచి, 'యాడ్ ఎ రికార్డ్' నొక్కి, యూఆర్‌ఎల్ ఎంచుకుని, అడ్రస్ ఇచ్చి, మళ్లీ 'రైట్' నొక్కి ట్యాగ్‌ను ఫోన్‌కు ఆనించండి. శబ్దం వచ్చేదాకా కదపకండి. ఇంతే. లోపల జరిగేది కూడా ఓసారి చూస్తే తర్వాత హెక్స్‌లో సరిచేసుకోవడం తేలికవుతుంది.

ఎన్‌డెఫ్ అనేది ఎన్‌ఎఫ్‌సీ ట్యాగుల్లో సందేశం రాసే ఫార్మాట్. 03 అనే బైట్ వస్తే ఆ సందేశం మొదలైందని అర్థం. దాని పక్కది సందేశం పొడవు. ఆ తర్వాత రికార్డు, చివర ఎఫ్‌ఇ అనే ముగింపు గుర్తు. లింకు రికార్డులో 'హెచ్‌టీటీపీఎస్' మొదలైన ఉపసర్గను మొత్తం అక్షరాలుగా రాయరు. దాని బదులు ఒక్క బైట్ సంకేతం పెడతారు: 04 అంటే హెచ్‌టీటీపీఎస్, 02 అంటే దాని పక్కన డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ కూడా. చేత్తో లింకు పొడిగించినప్పుడు పొడవు చెప్పే బైట్లు రెండు చోట్ల మార్చాలి, సందేశానికి ఒకటి, రికార్డు లోపలి సమాచారానికి మరొకటి. ఒకటి మరిచిపోతే ట్యాగ్ ఖాళీ అనో, తప్పు ఫార్మాట్ అనో ఫోన్ అంటుంది. భయపడనక్కర్లేదు, సరిచేసి మళ్లీ రాస్తే చాలు.

తెలుగులో టెక్స్ట్ రాసేవాళ్లు గమనించాల్సింది ఇంకోటుంది. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు తింటుంది. ఒత్తులు, గుణింతాలు, సున్నా వేర్వేరు సంకేతాలే. 'నమస్కారం' అనే మాట 8 సంకేతాలు, 24 బైట్లు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరమే 18 బైట్లు. 213లో రికార్డు హంగులన్నీ పోను దాదాపు 44 సంకేతాలు పడతాయి, అంటే ఒక చిన్న వాక్యం. తెలుగు సమాచారం కాస్త ఎక్కువుంటే 216 తీసుకోండి, లేదా ట్యాగ్‌లో లింకు మాత్రమే పెట్టి సమాచారాన్ని వెబ్‌లో ఉంచండి. రెండో దారే నాకు నచ్చుతుంది, ఎందుకంటే తర్వాత ట్యాగ్‌ను ముట్టుకోకుండా సమాచారం మార్చుకోవచ్చు.

యూఎస్‌బీ రీడర్‌తో నేరుగా రాయాలంటే ఏసీఆర్122యూకు పంపే కమాండ్ వరుస ఇది: ఎఫ్‌ఎఫ్, డి6, 00, పేజీ నంబరు, 04, ఆ వెంట 4 బైట్ల డేటా. చదవడానికి డి6 స్థానంలో బి0 పెట్టి, చివర ఎన్ని బైట్లు కావాలో చెప్పాలి. పేజీ నంబరు 4 కంటే తక్కువ ఇచ్చే ముందు రెండుసార్లు ఆలోచించండి.

మైఫేర్ క్లాసిక్: జాగ్రత్త అంతా ఇక్కడే

1కె కార్డులో 16 సెక్టార్లు, ఒక్కో సెక్టార్‌లో 4 బ్లాకులు, ఒక్కో బ్లాకులో 16 బైట్లు. ప్రతి సెక్టార్ చివరి బ్లాకును సెక్టార్ ట్రైలర్ అంటారు. అందులో ఆ సెక్టార్‌ను తెరిచే తాళంచెవి కీ ఏ 6 బైట్లు, ఏ కీతో ఏం చేయొచ్చో చెప్పే యాక్సెస్ బైట్లు 4, రెండో తాళంచెవి కీ బి 6 బైట్లు. ట్రైలర్లు, తయారీదారు వివరాలుండే మొదటి బ్లాకు తీసేస్తే మీకు మిగిలేది 752 బైట్లు.

మైఫేర్ క్లాసిక్ టూల్ యాప్‌లో 'రీడ్ ట్యాగ్' నొక్కి, కీ ఫైల్ ఎంచుకోండి. కొత్త కార్డు అయితే కీ పన్నెండు ఎఫ్‌లు. ఎన్‌డెఫ్‌గా మార్చిన కార్డుల్లో డి3ఎఫ్7 మూడుసార్లు వచ్చే కీ ఉంటుంది. ఈ రెండూ యాప్‌తో వచ్చే కీ ఫైళ్లలోనే ఉంటాయి. కీ కుదరని సెక్టార్ చదవడం కుదరదు. మీ కార్డుకు కీ వేరే సంస్థ పెట్టి ఉంటే దాన్ని వాళ్లనే అడగండి.

చదివిన డంప్‌ను ఎడిటర్‌లో తెరిచి, డేటా బ్లాకుల్లోనే మార్పు చేయండి. బ్లాకుకు సరిగ్గా 32 హెక్స్ అంకెలుండాలి. ఒకటి తగ్గినా యాప్ సేవ్ చేయనివ్వదు. తర్వాత 'రైట్ ట్యాగ్'లో 'రైట్ బ్లాక్' ఎంచుకుని, మార్చిన ఆ ఒక్క బ్లాకునే రాయండి. డంప్ మొత్తాన్ని తిరిగి రాయడం చాలామంది చేసే పని, అవసరం లేని ప్రమాదం కూడా.

ప్రమాదం ఎందుకంటే, కీ ఏను కార్డు ఎప్పుడూ బయటపెట్టదు. ట్రైలర్ చదివితే ఆ స్థానంలో సున్నాలు కనిపిస్తాయి. సొంత ప్రోగ్రామ్‌తో చదివి, అదే ట్రైలర్‌ను తిరిగి రాశారంటే కీ ఏ నిజంగానే సున్నాలైపోతుంది. మైఫేర్ క్లాసిక్ టూల్ చదవడానికి వాడిన కీని డంప్‌లో తానే నింపుతుంది, దొరకని కీ చోట గీతలు పెడుతుంది. సొంత కోడ్ రాసుకుంటే ఆ జాగ్రత్త మీదే.

యాక్సెస్ బైట్లు ఇంకా కఠినం. ప్రతి బిట్ రెండుసార్లు రాసి ఉంటుంది, ఒకసారి మామూలుగా, ఒకసారి తిరగేసి. రెండూ పొంతన కుదరకపోతే ఆ సెక్టార్ శాశ్వతంగా మూతపడుతుంది, ఏ సాఫ్ట్‌వేరూ తెరవలేదు. కొత్త కార్డులో ఉండే విలువ ఎఫ్‌ఎఫ్ 07 80 69. దాన్ని మార్చాల్సి వస్తే మనసులో లెక్కలు వేయకుండా, యాప్‌లోనే ఉన్న యాక్సెస్ కండిషన్ల పరికరంలో నియమాలు ఎంచుకుని, అదిచ్చిన విలువను అలాగే వాడండి.

అంకెలు దాచే వాల్యూ బ్లాకులు కనిపిస్తే వాటికో పద్ధతుంది. విలువ 4 బైట్లు, దాని తిరగేసిన రూపం, మళ్లీ విలువ, ఆ తర్వాత అడ్రస్ బైట్ నాలుగుసార్లు, వాటిలో రెండోది, నాలుగోది తిరగేసి. విలువలో తక్కువ స్థానపు బైట్ ముందు వస్తుంది. ఒకచోట మార్చి మిగతావి వదిలేస్తే అది వాల్యూ బ్లాకుగా చెల్లదు.

ఇంకోమాట: ఈ చిప్‌లోని క్రిప్టో-1 అనే రక్షణ 2008 నాటికే బద్దలైపోయింది. రహస్యంగా ఉండాల్సినవి ఇందులో పెట్టి నిశ్చింతగా ఉండకండి.

యూహెచ్‌ఎఫ్ ట్యాగులు

వీటిలో మెమరీ నాలుగు బ్యాంకులు. రిజర్వ్‌డ్ బ్యాంకులో కిల్ (ట్యాగ్‌ను శాశ్వతంగా ఆపేది), యాక్సెస్ పాస్‌వర్డ్‌లు, ఒక్కోటి 32 బిట్లు. తర్వాత ఈపీసీ, టీఐడీ, యూజర్. యూజర్ బ్యాంకు అన్ని చిప్‌లలో ఉండదు, కొనేముందే చూసుకోండి. ఇక్కడ లెక్క బైట్లలో సాగదు, 16 బిట్ల వర్డ్‌లలో సాగుతుంది.

ఎక్కువమంది మార్చేది ఈపీసీనే, అంటే ట్యాగ్ అంటించిన వస్తువును గుర్తించే నంబరునే. బ్యాంకు ఈపీసీ, మొదలయ్యే వర్డ్ 2, పొడవు 6 వర్డ్‌లు, డేటా 24 హెక్స్ అంకెలు, ఇది 96 బిట్ల ఈపీసీకి సరిపడే సెట్టింగ్. వర్డ్ 0లో తప్పులు పట్టే చెక్ విలువ సీఆర్‌సీ, వర్డ్ 1లో ఈపీసీ పొడవు చెప్పే పీసీ అనే నియంత్రణ విలువ ఉంటాయి. మొదలు 2 బదులు 1 ఇస్తే పీసీ చెడి, రీడర్‌కు ఈపీసీ సగమే కనిపిస్తుంది, లేదా తోకతో కనిపిస్తుంది. 96 బిట్లకు పీసీ 3000, 128 బిట్లకు 4000. ఈపీసీ పొడవు మారిస్తే పీసీ కూడా మారాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు తామే మారుస్తాయి, కొన్ని మీకే వదిలేస్తాయి. రాశాక చదివి చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది.

మీ సరుకు నంబరు 1234 అనుకోండి. దాన్ని హెక్స్‌గా రాస్తారా, అక్షరాలుగా రాస్తారా అన్నది ముందే తేల్చుకోండి. అక్షరాలుగా రాస్తే అది 31323334 అవుతుంది. ఒక బృందం ఒకలా, మరో బృందం ఇంకోలా రాసిన గోదాము లెక్కలు సరిచేయడం నరకం. అలాగే ఈపీసీ మొదటి బైట్ 30 అయితే దాన్ని ఎస్‌జీటీఐఎన్-96గా, అంటే ప్రపంచ సరుకు నంబరుగా, ఇతరుల సాఫ్ట్‌వేర్ అర్థం చేసుకుంటుంది. సొంత నంబర్లు పెట్టుకునేవాళ్లు ఆ బైట్‌తో మొదలుపెట్టకపోవడం మేలు.

ఇక అసలు తలనొప్పి పక్క ట్యాగులు. యూహెచ్‌ఎఫ్ రీడర్ మీటర్ల దూరం నుంచి చదువుతుంది కాబట్టి, మీరు ఒకదానికి రాయబోతే పక్క రోల్‌లోది మారిపోవచ్చు. రీడర్ పవర్‌ను బాగా తగ్గించండి, మిగతా ట్యాగులను దూరంగా పెట్టండి, సాఫ్ట్‌వేర్‌లో లక్ష్యాన్ని టీఐడీతో ఎంచుకోండి. ఈపీసీతో ఎంచుకుంటే, ఒకే ఈపీసీ ఉన్న రెండు ట్యాగులు ఎదురుగా ఉన్నప్పుడు రెండూ మారిపోవచ్చు.

లో ఫ్రీక్వెన్సీ గురించి క్లుప్తంగా

ఈఎం4100 రకం చిప్‌లు చదవడానికే, మార్చడం కుదరదు. టీ5577 మార్చగలం. ప్రాక్స్‌మార్క్3లో 'ఎల్‌ఎఫ్ సెర్చ్' కమాండ్ ఇస్తే ఏదో తెలుస్తుంది. టీ5577లో 32 బిట్ల బ్లాకులు 0 నుంచి 7 దాకా ఉంటాయి. 0 సెట్టింగులకు, పాస్‌వర్డ్ పెడితే అది 7లో. బ్లాక్ 0 తప్పు రాస్తే ట్యాగ్ మూగబోతుంది, కాబట్టి డేటా బ్లాకుల వరకే ఉండండి. చేతిలో పట్టుకునే కొన్ని చౌక కాపీ యంత్రాలు చెప్పాపెట్టకుండా పాస్‌వర్డ్ పెట్టేస్తాయి. నిన్న రాసిన ట్యాగ్ ఈరోజు మొరాయిస్తే ముందు అదే అనుమానించండి.

వందల ట్యాగులు ఒకేసారి

ముందు ఐదు ట్యాగులు రాసి, వేరే ఫోన్‌తో లేదా వేరే రీడర్‌తో చదివి చూడండి. తర్వాతే మిగతావి. స్ప్రెడ్‌షీట్‌లో యూఐడీ ఒక నిలువు వరుస, రాసిన డేటా ఒక నిలువు వరుస, తిరిగి చదివినప్పుడు వచ్చింది ఇంకో నిలువు వరుస పెట్టండి. రెండో, మూడో వరుసలు కలవని ట్యాగ్‌ను పక్కన పడేయండి.

ఎన్‌ట్యాగ్‌లో చాలామంది వాడని ఒక సౌకర్యం ఉంది, మిర్రర్. చిప్ తన యూఐడీని 14 అక్షరాలుగా, ఎన్నిసార్లు చదివారనే లెక్కను 6 అక్షరాలుగా, మీ లింకు మధ్యలో తానే పెట్టి చూపిస్తుంది. లింకులో ఆ మేరకు సున్నాలతో చోటు వదిలి, మిర్రర్ ఆన్ చేస్తే సరి. వెయ్యి ట్యాగులకూ ఒకే డేటా రాసినా, ఒక్కోటి ఒక్కో లింకు ఇస్తుంది. ట్యాగ్‌రైటర్‌లో ఈ ఆప్షన్ ఉంది.

తాళం ఆఖరున

అంతా చదివి సరిచూసుకున్నాకే దీని జోలికి రండి. ఎన్‌ట్యాగ్‌లో రెండు దారులు. 'లాక్ ట్యాగ్' శాశ్వతం, వెనక్కి తీయలేం. పాస్‌వర్డ్ అయితే తర్వాత మార్చుకోవచ్చు. అది 32 బిట్లే, పైగా గాల్లో గుట్టు లేకుండా వెళ్తుంది, అందుకే అల్లరి చేతుల నుంచి కాపాడుతుందే తప్ప పట్టుదలగా వచ్చేవాడిని ఆపదు. మీరు అక్షరాల్లో ఇచ్చే పాస్‌వర్డ్‌ను 32 బిట్లుగా మార్చే పద్ధతి యాప్‌ను బట్టి మారొచ్చు. ఏ యాప్‌తో పెట్టారో కూడా రాసి ఉంచుకోండి. తప్పు ప్రయత్నాల పరిమితి అనే సెట్టింగ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసి పరిమితి దాటితే ఆ భాగం ఇక ఎవరికీ తెరుచుకోదు.

యూహెచ్‌ఎఫ్‌లో లాక్ చేయడానికి ముందు యాక్సెస్ పాస్‌వర్డ్‌ను సున్నా కాని విలువకు మార్చాలి. అది సున్నాగా ఉంటే లాక్ ఉన్నా లేనట్టే, ఎవరైనా రాయగలరు. పర్మాలాక్ మాత్రం పేరుకు తగ్గట్టే శాశ్వతం. లాక్ చేసినా ఈపీసీని, యూజర్ బ్యాంకును చదవకుండా ఆపలేరు. లాక్‌తో చదవకుండా దాచగలిగేది పాస్‌వర్డ్‌లను మాత్రమే.

మొరాయించినప్పుడు

చదువుతోంది కానీ రాయడం లేదంటే ముందు దూరం చూడండి. రాయడానికి చదవడం కంటే ఎక్కువ శక్తి కావాలి, కాబట్టి ఇంకా దగ్గరగా పెట్టండి. ఫోన్ కవర్ తీసేయండి. లోహం మీద అంటించిన మామూలు స్టిక్కర్ దాదాపు పనిచేయదు, లోహం కోసం చేసిన ట్యాగ్ వేరే దొరుకుతుంది. సగంలో ఆగిపోతే ట్యాగ్ పోయిందనుకోకండి, మళ్లీ మొదటి నుంచి రాయండి.

లినక్స్‌లో ఏసీఆర్122యూ కనిపించకపోతే, కెర్నల్‌లోని పీఎన్533 మాడ్యూల్ ముందే దాన్ని పట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ మాడ్యూల్‌ను బ్లాక్‌లిస్ట్‌లో పెట్టి కంప్యూటర్ మళ్లీ ఆన్ చేయండి. ఈ ఒక్కదాని కోసం నేను ఒక రాత్రంతా రీడర్‌ను విప్పి బిగించాను. రీడర్‌కు ఏమీ కాలేదు.